అమ్మకేం పట్టుకెళ్దాం?



మన వార్షికోత్సవ సంచికలో క్రమశిక్షణ, లక్ష్యసాధన, పర్యావరణ పరిరక్షణ అనే మూడు విషయాల మీద వ్యాసాలకు ఏ ఏడూ కరువు లేదు. వాటిని తక్కువ చేయడం లేదు గాని, ఈసారి మేము ఒక దారం ఉండ గురించి, ఒక కొక్కెం సూది గురించి రాయదలచుకున్నాము. పీజీ దాకా వచ్చి రాయడానికి ఇదా దొరికింది అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. పూర్తిగా చదివాక నవ్వమని మాత్రం మనవి.

"మేము" అంటే ఎవరో చెప్పాలి కదా. నూజివీడు హాస్టల్లో ఒకే గదిలో ఉండి పదో తరగతి గట్టెక్కి, ఆ తర్వాత తలా ఒక కాలేజీలో పడి, ఇప్పుడు పీజీలు చదువుతున్న నలుగురైదుగురం అమ్మాయిలం. రాసే చెయ్యి ఒకటే అయినా మాట అందరిదీ. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా అనేది మాతోనే మొదలు. మా అమ్మానాన్నలు మామిడి తోటల్లో కాయ కోతకు, కాపలాకు, సీజన్ లేనప్పుడు ఏ కూలి దొరికితే ఆ కూలికి వెళ్ళేవాళ్ళు. మీలో చాలామంది ఇళ్ళల్లో సంగతి కూడా ఇదేనని వేరే చెప్పనక్కరలేదు.

సెలవులు ఇచ్చారంటే మన హాస్టల్లో ఒక ప్రశ్న లేస్తుంది. క్రిస్మస్‌కైనా, సంక్రాంతికైనా అదే ప్రశ్న. అమ్మకేం పట్టుకెళ్దాం? చేతిలో ఉండేది కాస్మెటిక్ చార్జీల్లో సబ్బు, నూనె తగ్గించుకుని మిగిల్చిన డబ్బు. దాంతో బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపుకు వెళ్తాము. అక్కడ గాజు హంసలు, ప్లాస్టిక్ పూల కుండీలు, నొక్కితే పాట పాడే బొమ్మలు ఉంటాయి. ఒకటి కొని, కాగితంలో చుట్టించుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్తాము. ఇంటికి వెళ్ళాక చూస్తే దాన్ని పెట్టడానికి గూడు ఉండదు. అమ్మ సంతోషిస్తుంది, అందులో సందేహం లేదు. పిల్ల ఖాళీ చేతులతో రాలేదన్న సంతోషం అది. నాలుగు రోజులకు హంస మెడ విరుగుతుంది, బొమ్మకు బ్యాటరీ అయిపోతుంది.

మా అభిప్రాయం ఏమిటంటే, కొనవద్దు, అల్లండి. ఇది పొదుపు కోసం చెప్పే మాట కాదు. నిజానికి టైము లెక్క కడితే అల్లింది ఖరీదెక్కువ అవుతుంది. ఆ లెక్క కింద చెప్తాము.

మాకు ఇది ఎలా అబ్బిందంటే, తొమ్మిదో తరగతిలో మా గదికి నరసాపురం వైపు పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చి చేరింది. పెట్టెలో పుస్తకాల అడుగున ఒక కొక్కెం సూది, ఒక తెల్లటి నూలు దారం ఉండ తెచ్చుకుంది. సూది వాళ్ళ మామ్మది. ఆదివారం బట్టలు ఉతుక్కుని ఆరేశాక మెట్ల మీద కూర్చుని, మాతో కబుర్లాడుతూనే చేతులు కదిలించేది. చూపు దారం మీద ఉండేది కాదు. మాటకు మాట చెబుతుంటే వేళ్ళ కింద నుంచి ఒక పువ్వు, పక్కన ఇంకో పువ్వు వచ్చేవి. మా కళ్ళకు అది గారడీలా ఉండేది. ఆ తర్వాత తెలిసింది, అంతా ఒక్క ముడి మీద నడుస్తుందని. దారాన్ని కొక్కేనికి చుట్టి, ఉన్న ఉచ్చులోంచి లాగితే ఇంకో ఉచ్చు పడుతుంది. ఉచ్చులు వరుసగా పడితే గొలుసు. గొలుసు మీద గొలుసు నిలబెడితే అల్లిక. క్రోషియా అంటే ఇంతే. స్వెట్టర్ల అల్లికకైతే రెండు సూదులు కావాలి, సూది మీద కుట్లన్నీ ఒకేసారి బతికి ఉండాలి, ఒకటి జారితే కింద దాకా జారుతుంది. క్రోషియాలో ఎప్పుడూ ఒక్క ఉచ్చే తెరిచి ఉంటుంది. గంట కొట్టగానే పనిని సంచిలో పడేసి స్టడీ అవర్‌కు పరిగెత్తవచ్చు. హాస్టల్ పిల్లలకు రెంటిలో ఇదే అనుకూలమని మా అనుభవం.

ఆ ఏడు సంక్రాంతి సెలవులకు మా గదిలో నుంచి నాలుగు కానుకలు వెళ్ళాయి. ఒకటి గుమ్మానికి ఊలు తోరణం. ఒకటి బైబిలు మీద కప్పే చిన్న లేసు గుడ్డ. ఒకటి అక్కకు పుట్టబోయే బిడ్డకు టోపీ. ఇంకొకటి నాన్నకు మఫ్లరు. ఎండలు మండే మన ప్రాంతంలో మఫ్లరెందుకని అడిగేవాళ్ళు సంక్రాంతి ముందు తెల్లవారుజామున మామిడి తోటలోకి ఒకసారి వెళ్ళి రావాలి. పూత వచ్చే కాలం అది. మంచు పడుతుండగానే లేచి మందు కొట్టేవాళ్ళకు, తోటలో పాక వేసుకుని పడుకునేవాళ్ళకు మెడ చుట్టూ ఒక గుడ్డ ఎంత అవసరమో తెలుస్తుంది.

తోరణం తీసుకెళ్ళిన అమ్మాయి ఇంట్లో జరిగిన మాటలు ఇవి.

"ఎంతకు కొన్నావే?"

"కొనలేదమ్మా, అల్లాను."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"ఆదివారాలు పదకొండు."

"పదకొండు కూలీలు పెట్టావా దీనికి!" అన్నదట వాళ్ళమ్మ.

ఆ మాట మా అందరికీ గుర్తుండిపోయింది. బాగుందనీ, రంగులు కుదిరాయనీ ఆ తల్లి అనలేదు. పదకొండు కూలీలు అన్నది. పనిని రోజుల్లో కొలవడం వచ్చిన మనిషి ఆమె. షాపులో హంస ఎంతకు వచ్చిందో అడిగి తెలుసుకోవాలి గాని, పదకొండు ఆదివారాలు అంటే ఎంతో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. తర్వాత ఆ తోరణాన్ని గుమ్మానికి కట్టలేదు. "ఎండకు రంగు పోద్ది" అని పెట్టెలో చీర మడతల మధ్య పెట్టి, పండక్కు పండక్కు తీసి కట్టి, మళ్ళీ లోపల పెట్టేది. అల్లినదాన్ని వాడకుండా దాచుకోవడం అమ్మలందరికీ ఉన్న జబ్బు, దీనికి మందు లేదు.

ఇంతవరకు తీపి సంగతి. ఇప్పుడు రెండో సంగతి చెప్పాలి.

ఆ నరసాపురం అమ్మాయి చేతిలోని సూది ఎక్కడి నుంచి వచ్చిందో మాకు డిగ్రీలో ఉండగా తెలిసింది. కాలేజీ లైబ్రరీలో స్త్రీల చరిత్ర మీద చదువుతుంటే ఒక పుస్తకం పేరు కంటబడింది. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ రాసిన "నరసాపురం లేసు అల్లేవాళ్ళు" అనే ఇంగ్లీషు పుస్తకం. 1982లో వచ్చింది. మన పక్క ఊరి పేరు అట్ట మీద ఉన్న ఇంగ్లీషు పుస్తకం ప్రపంచమంతా చదువుతారని తెలిసి ఆశ్చర్యపోయాము. ఏలూరు, భీమవరం మీదుగా బస్సెక్కితే పూట తిరక్కుండా చేరే ఊరు అది!

ఆ చరిత్ర క్లుప్తంగా ఇది. 1840లలో గోదావరి డెల్టాకు వచ్చిన మిషనరీలు, మెక్రే దంపతులు, నరసాపురం ప్రాంతంలో లేసు అల్లిక నేర్పారు. నేర్చుకున్న మొదటి చేతులు ఎవరివో తెలుసా? కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న మాల, మాదిగ స్త్రీలవి. అంటే మన మామ్మల మామ్మలవి. గోదావరి ఎగువన దుమ్ముగూడెంలో కూడా మిషను వాళ్ళు లేసు నేర్పారు. సరిగ్గా అదే కాలంలో, 1845 తర్వాత బంగాళాదుంప పంట కుళ్ళి ఐర్లండులో మహా కరువు వచ్చినప్పుడు, అక్కడి కాన్వెంట్లలో సన్యాసినులు పేద కుటుంబాల ఆడవాళ్ళకు ఇదే క్రోషియా నేర్పి, అల్లినవి అమ్మించి పొట్ట నింపారు. లేసు మొదట్లో పాశ్చాత్య దేశాలలోని తెలిసినవాళ్ళకు పంపే బహుమతిగా, సాయంగా ఉండి, తర్వాత తర్వాత ఎగుమతి వ్యాపారంగా మారింది. బహుమతి సరుకు అయిన తర్వాత కథ మారిపోయింది.

మీస్ నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో తిరిగింది 1970ల చివర్లో. అప్పటికి లక్షమందికి పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారని అంచనా. ఒక్కొక్కరు ఒక్కో ముక్క అల్లుతారు. ఒకరు పువ్వు, ఒకరు అంచు. వాటిని కలిపి కుట్టే అతుకుపని ఇంకొకరిది. దారం తెచ్చి ఇచ్చేవాడు, అల్లినది పట్టుకెళ్ళేవాడు ఏజెంటు. పైన ఎగుమతిదారు. తన చేతి పువ్వు చివరికి ఏ బల్లగుడ్డలో కలిసిందో, ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరిచారో అల్లిన మనిషికి తెలియదు. ఇంటి పని అంతా చేసుకుని ఆపైన రోజుకు ఆరేడు గంటలు అల్లినా, వచ్చేది పొలం కూలీ కంటే తక్కువ. అందుకనే మన వాళ్ళల్లో చాలామంది పొలం పనికే పోయారు. గడప దాటడం పరువు తక్కువ అనుకునే ఇతర కులాల స్త్రీలు ఎక్కువగా లేసులో మిగిలారు. ఇంట్లో కూర్చుని చేస్తున్నారు కాబట్టి వాళ్ళు కార్మికులు కారట, గృహిణులట. తీరిక వేళల్లో ఏదో చేసుకుంటున్నారట. జనాభా లెక్కల్లో కూడా చాలామంది పేర్లు పని చేసేవాళ్ళ కింద ఎక్కలేదు.

ఈ "తీరిక" అనే మాట దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము.

రోజుకు ఆరేడు గంటలు చేసే పనిని తీరిక పని అన్నారంటే, తీరిక అనే మాటకు అర్థమే లేదు. ఇక్కడ బాబాసాహెబ్ గుర్తొస్తారు. 1945లో కాంగ్రెస్, గాంధీ అస్పృశ్యులకు చేసిందేమిటి అని ప్రశ్నిస్తూ రాసిన పుస్తకంలో అంబేడ్కర్ యంత్రాల పక్షాన వాదించారు. మనిషి పశువులా బతకకుండా మనసుకు సంబంధించిన జీవితం కూడా బతకాలంటే తీరిక కావాలి, ఆ తీరికను ఇవ్వగలిగేవి యంత్రాలే అన్నది ఆయన వాదన సారం. చేతిపనిని ఆకాశానికి ఎత్తేవాళ్ళు సాధారణంగా ఆ చేతిపని చేయవలసిన అవసరం లేనివాళ్ళేనని మన పెద్దలకు అనుభవం మీద తెలుసు. చెప్పులు కుట్టడం, డప్పు కట్టడం, బుట్టలు అల్లడం, ఇవన్నీ గొప్ప నైపుణ్యాలే. కాని వాటిని ఎంచుకునే వీలు మన తాతలకు ఎవరిచ్చారు?

అందుకని మా అభిప్రాయంలో రెండో సగం ఇది. అల్లిక నేర్చుకోండి, ఇంట్లో వాళ్ళకు కానుకగా ఇవ్వండి. కాని ఎవరైనా వచ్చి "మీ ఆడపిల్లలకు ఉపాధి కోసం అల్లికలు నేర్పిస్తాం" అంటే నాలుగు ప్రశ్నలు వేయండి. గంటకు ఎంత గిట్టుతుంది? దారం ఖర్చు ఎవరిది? అమ్మే మనిషి ఎవరు? అబ్బాయిలకు ఏం నేర్పుతున్నారు? మా చదువు రోజుల్లో సెలవుల శిక్షణ అంటే అబ్బాయిలకు కంప్యూటరు, అమ్మాయిలకు కుట్లు, అల్లికలు అనే పద్ధతి ఒకచోట చూశాము. ఎక్కడో పేరు చెప్పనక్కరలేదు, ఇలాంటి చోట్లు ఒకటి కాదు. మాలో ఒకమ్మాయి లేచి, "సార్, మాకు కంప్యూటరు నేర్పండి, అల్లిక మేము ఆదివారం నేర్చుకుంటాము" అన్నది. ఆ అమ్మాయే ఇప్పుడు కంప్యూటర్ అప్లికేషన్స్‌లో పీజీ చేస్తోంది. ఆదివారం అల్లుతోంది కూడా.

ఇది రెండు నాలుకల మాటలా ఉందని కొందరు మిత్రులు మాతో వాదించారు. అల్లడం మంచిదైతే అమ్మడం చెడ్డదెలా అవుతుంది అని. అమ్మడం చెడ్డదని మేము అనడం లేదు. చవకగా అమ్మించడం అన్యాయం అంటున్నాము. కింద లెక్క చూడండి. మామూలు చేతివేగంతో చిన్న బల్లగుడ్డ ఒకటి అల్లడానికి మాకు సుమారు 40 గంటలు పడుతుంది. ఎనిమిది గంటలకు ఒక కూలీ చొప్పున ఐదు కూలీలు. రోజు కూలి 300 రూపాయలనుకుంటే 1,500. దారం ఖర్చు వేరే. ఆ ధర చెబితే కొనేవాడు ముఖం చూసి నవ్వి పోతాడు. ఎవరైనా 300కు అమ్ముతున్నారంటే, మిగతా 1,200 ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒక అమ్మ కళ్ళలోంచీ, నడుములోంచీ పోయాయని అర్థం. చేయి తిరిగినవాళ్ళు మాకంటే రెండింతలు వేగంగా అల్లుతారు గాని, అప్పుడైనా లెక్క కుదరదు.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. సాక్సులు, స్వెట్టర్లు అల్లే యంత్రం ఇంగ్లండులో 1589లోనే వచ్చింది, విలియం లీ అనే ఆయన తయారు చేశాడు. క్రోషియాను మాత్రం అచ్చంగా చేతిలా అల్లే యంత్రం ఈనాటికీ బజారులోకి రాలేదు. చూడటానికి దానిలా ఉండే గుడ్డలు మిల్లుల్లో తయారవుతాయి గాని, ముడి వేరు. కనుక పెద్ద షాపులో అసలైన క్రోషియా జాకెట్టు కనిపించిందంటే, అది ఎక్కడిదైనా, ఎంత చవకదైనా, ఒక మనిషి కూర్చుని ఉచ్చు మీద ఉచ్చు వేసిందే. ఇది తెలిశాక మేము అలాంటివి చూసినప్పుడల్లా ధర చీటీ తిప్పి చూస్తాము.

నరసాపురంలో ఆ తర్వాత కొన్ని మంచి పనులు కూడా జరిగాయని చెప్పకపోతే అన్యాయం. 2000లలో అక్కడ అలంకృతి లేసు పార్కు వచ్చింది. స్త్రీలు సంఘాలుగా ఏర్పడి సరుకు అమ్ముకునే ప్రయత్నం మొదలైంది. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఆ పేరు పెట్టుకుని వేరే చోటి సరుకును అమ్మకూడదు. పేరుకు రక్షణ దొరికింది. చేతికి కూలి కూడా ఆ మేరకు పెరగాలని కోరుకుందాము. మీస్ 2023లో కన్నుమూశారు.

ఇక మన నూజివీడు సంగతికి వద్దాము. మన ఊరు రసాలకు ఎంత పేరో వీణలకు కూడా అంత పేరు. పనస చెక్కను తొలిచి, వారాల తరబడి చెక్కి, మెట్లు అమర్చి వీణ చేసేవారిని మనం కళాకారులు అంటాము. అనాలి కూడా, ఆ పని అలాంటిది. మరి 40 గంటలు కూర్చుని తెల్లటి దారంతో పువ్వులు పూయించిన ఆడమనిషిని ఏమంటాము? "ఖాళీగా ఉందిగా, ఏదో అల్లుకుంటోంది" అంటాము. వీణకున్న గౌరవాన్ని తగ్గించమని కాదు, లేసుకు కూడా కాస్త పంచమని అడుగుతున్నాము.

అబ్బాయిలకు ఒక మాట. అల్లిక ఆడపని అని మీలో కొందరు అనుకుంటున్నారని తెలుసు. తోటలో కాయ కోసే గెడ చివర ఉండే చిక్కం ఎవరు అల్లారో మీ నాన్నను అడగండి. తాడును ముడి మీద ముడి వేసి, కన్ను కన్నుకూ కొలత తప్పకుండా, కాయ పడితే నలగకుండా, జారకుండా అల్లిన వల సంచి అది. మా నాన్నలు రేగడి మట్టి అంటిన చేతులతోనే ఆ చిక్కం అల్లేవాళ్ళు. మంచానికి నులక అల్లింది మగవాళ్ళే. కొల్లేటిలో, సముద్రం ఒడ్డున వలలు అల్లేది, చిరిగితే బాగుచేసేది మగవాళ్ళే. కొక్కెం సూది పట్టుకుంటేనే ఆడపని అయిపోతుందా? చిక్కానికి గాని, లేసుకు గాని సూత్రం ఒకటే, ఉచ్చు, ముడి, కన్ను. మా గదిలో వేసిన మొదటి మామిడికాయల సంచికి నమూనా ఒక పాత చిక్కమే. దాన్ని నూలు దారంతో చిన్న కన్నులతో అల్లాము. పది రసాలు పట్టాయి, గాలి ఆడి కాయ మగ్గింది గాని కుళ్ళలేదు. నాన్న చేతిపనిని పిల్లలు వేరే దారంతో అల్లి నాన్నకే ఇవ్వడం మాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు అనుభవం మీద నాలుగు మాటలు చెబుతాము.

మొదటి కానుకకు పెద్ద పని పెట్టుకోవద్దు. స్వెట్టరు అనుకుని మొదలుపెట్టినవాళ్ళు వీపు దగ్గర ఆపేస్తారు. గుమ్మం తోరణం, చిన్న సంచి, మఫ్లరు, ఇవి వరుసలు వరుసలుగా సాగిపోతాయి. షాపులో ఊలు అని అమ్మేది చాలామటుకు గొర్రె ఊలు కాదు, యాక్రిలిక్ దారం. రంగులు బాగుంటాయి, చవక, ఉతికినా పాడుకాదు. కాని వేడికి కరుగుతుంది. కనుక పొయ్యి దగ్గర గిన్నె పట్టుకునే గుడ్డలు దాంతో అల్లి అమ్మకు ఇవ్వకండి, చెయ్యి కాలుతుంది. వాటికి నూలు దారమే వాడాలి. మన ఎండలకు ఒంటి మీద వేసుకునే దేనికైనా నూలే మంచిది.

పురిటి బిడ్డకు టోపీ అల్లడం చాలా మంచి కానుక. చంటిబిడ్డ ఒంట్లో వేడి తలలోంచి త్వరగా పోతుంది. బరువు తక్కువతో పుట్టిన బిడ్డను తల్లి గుండెకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతిలో కూడా టోపీ పెట్టమని డాక్టర్లు చెబుతారు. మెత్తటి నూలుతో, చెవులు మూసేలా, గడ్డం కింద కట్టే తాళ్ళు లేకుండా అల్లండి. కన్నులు పెద్దవిగా ఉంటే బిడ్డ వేళ్ళు ఇరుక్కుంటాయి. బొత్తాలు, పూసలు కుట్టవద్దు, నోట్లో పెట్టుకుంటారు.

తెల్ల లేసు అల్లాలనుకుంటే మామిడి సీజన్‌లో మొదలుపెట్టవద్దు. కాయ కోతకు వెళ్ళిన చేతులకు సొన అంటితే ఎంత రుద్దినా మచ్చ పోదు, సొన పడ్డచోట చర్మం కాలినట్టు నల్లబడుతుంది. మా అమ్మల్లో ఒకామెకు అల్లిక మేమే నేర్పాము. ఏప్రిల్, మే నెలల్లో ఆమె దారం ముట్టదు. సీజన్ అయి వేళ్ళ మీద పొర ఊడి కొత్త చర్మం వచ్చాక మొదలుపెడుతుంది. ఆ మధ్య నెలల్లో ముదురు రంగు ఊలు ఇస్తే సరిపోతుందని మేము ఆలస్యంగా కనిపెట్టాము. ఇప్పుడు ఆమె సెలవులకు వచ్చిన ప్రతిసారీ మాకే ఏదో ఒకటి అల్లి ఇస్తోంది. కానుక ఇటు నుంచి అటు వెళ్ళడం మానేసి అటు నుంచి ఇటు రావడం మొదలైంది. ఆమెకు తీరిక ఎక్కడిదని అడిగితే, "నువ్వు ఉద్యోగం చేస్తే ఇంకా దొరుకుద్ది" అంటుంది. ఇంత సూటిగా మా మీద ఎవరూ ఒత్తిడి పెట్టలేదు.

కళ్ళ సంగతి కూడా చెప్పాలి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక దీపం వెలుగులో నల్ల దారం అల్లవద్దు. పరీక్షల ముందు నెలలో సూదిని పెట్టె అడుగున పడేయండి. ఒక వరుస, ఇంకో వరుస అనుకుంటూ గంటలు పోతాయి. ట్యూటరు గారు పట్టుకుంటే మా పేరు చెప్పవద్దు.

కొలతలు రాసుకోండి. ఎన్ని గొలుసులు, ఎన్ని వరుసలు, ఎన్ని గంటలు అనేది నోటుపుస్తకం వెనక పేజీలో తేదీతో సహా రాయండి. రెండోసారి అల్లేటప్పుడు పనికొస్తుంది. అంతకంటే ముఖ్యంగా, కానుక ఇచ్చేటప్పుడు "ఎన్నాళ్ళు పట్టింది" అని మీ అమ్మ అడుగుతుంది. సరైన సంఖ్య చెప్పాలి. "ఏదో ఊరికే అల్లానమ్మా" అని మాత్రం అనవద్దు. నరసాపురం ఆడవాళ్ళ పనిని నూరేళ్ళకు పైగా ఆ "ఊరికే" అన్న మాటతోనే తక్కువ చేశారు.

చివరగా, హాస్టల్ విడిచి వెళ్ళి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మీ ఇళ్ళల్లో మిగిలిపోయిన ఊలు ఉండలు, నూలు దారాలు, వాడని సూదులు ఉంటే వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు తీసుకురండి. రంగు ఏదైనా ఫర్వాలేదు, అర ఉండ అయినా ఫర్వాలేదు. గదికి రెండు సూదుల చొప్పున సమకూర్చాలని మేము అనుకున్నాము, సగం వరకు సమకూరాయి. అబ్బాయిల హాస్టల్‌కు కూడా కొన్ని సూదులు కావాలని నలుగురు తమ్ముళ్ళు కబురు పంపారు. వాళ్ళ కోసం కాస్త లావు కొక్కేలు చూడండి, చిక్కం తాడుతో మొదలుపెడతామంటున్నారు.